సొంత వాడకం

పద్నాలుగో పేజీ, మూడో గడి:
"అమ్మకుండా ఇంట్లోనే వాడుకున్న సరుకెంత?"
ఆ గడి దగ్గర ఆగిపోయాం ఇద్దరం,
నేనూ, ఎనాలా ఫిరీ.

అప్పటిదాకా బాగానే నడిచింది.
లుసాకా అంచున, బౌలేని దాటిన వంపులో
కంకర కుప్పల మధ్య కాళ్ళు చాపి కూచుందామె.
రాత్రి బండ మీద కాల్చిన టైరు
ఇంకా సన్నగా కంపు కొడుతోంది.
వేడికి బండ నోరు తెరుస్తుంది,
మిగతాది సుత్తి చూసుకుంటుంది.

ముడిసరుకు కొన్నదా, దొరికిందా?
"దొరికింది."
టైరో?
"అదీ దొరికిందే. సుత్తి మాత్రం కొన్నాను.
పిడి మా ఆయన చెక్కాడు.
ఆయన పోయి నాలుగు వానాకాలాలు. పిడి ఉంది."
తరుగుదల, అని రాసుకున్నాను.

కుప్పలు నాలుగు.
వానలు మొదలయ్యాక లారీ ఇటు తొంగిచూడలేదు.
అమ్ముడుపోనిదీ ఉత్పత్తేనమ్మా, అన్నాను
ట్రైనింగులో హమూంగా గారు చెప్పినట్టే.
నిల్వల్లో పెరుగుదల అంటారు దాన్ని,
దేశం లెక్కలోకి వస్తుంది.
ఆమె కుప్పల వంక కొత్తగా చూసింది,
ఎవరో దారినపోయేవాళ్ళు
తన పిల్లల్ని మెచ్చుకున్నట్టు.
"అయితే ఆ దేశాన్నే వచ్చి పట్టుకెళ్ళమను.
కుప్ప నూటయాభై. బేరం లేదు."

పోయినేడు చిన్నాడి కంట్లో రాతిపెచ్చు పడింది.
ఆస్పత్రికీ, మినీబస్సుకీ, చుక్కల మందుకీ
ఆరువందల ఎనభై క్వాచాలు.
అవి ఎప్పుడో చేరిపోయాయి లెక్కలో.
కన్ను మసకబారిన మేరకి
దేశం పెరిగింది.
వాణ్ణి ఒళ్ళో వేసుకుని ఆమె మేలుకున్న
పదకొండు రాత్రుల కోసం గడి వెతికాను.
పేజీ తిప్పాను. మళ్ళీ వెనక్కి తిప్పాను.
ఏం పోయింది బాబూ, అంది.

క్వాచా అంటే తెల్లవారింది అని.
స్వతంత్రం వస్తోందని మా తాతలు
వీధుల్లో గొంతు చించుకుని అరిచిన మాట,
తర్వాత నోటు మీదికెక్కింది.
ఆ నోటునే నడుముకి చుట్టిన చితెంగే గుడ్డ కొసన ముడేసి
"మధ్యాహ్నానికల్లా తెల్లారిపోతుంది దీని పని"
అని నవ్వింది ఎనాలా.
ముందుపన్ను ఒకటి లేదు.
అప్పులున్నాయా అని అడగాలి, అడిగాను.
నూటికి ఇరవై, నెలకి.
ఆమె ఎరిగిన వృద్ధి అదొక్కటే,
ఏ మంత్రీ ప్రకటించనక్కర్లేకుండా పెరిగేది.

ఇక ఆ మూడో గడి.
"వాడుకున్నాను, రెండు తోపుడుబళ్ళు.
గుమ్మం ముందు గుంటలో మురుగు నిలిచేది.
కలరా వచ్చిన ఏడు భయమేసి
ఒక ఆదివారం కంకర పోసి తొక్కాం,
నేనూ పిల్లలూ, పాటలు పాడుకుంటూ."
ధర?
"ధరేంటి? అమ్మలేదుగా."
అమ్మి ఉంటే?
"అమ్మి ఉంటే నీళ్ళు ఇంట్లోకొచ్చేవి."

సంత ధర కట్టి రాయాలని రూలు.
బండికి నలభై చొప్పున ఎనభై.
పాటలు కొట్టెయ్యాల్సి వచ్చింది.
ఇంతలో వాన. ఫారాలు చొక్కాలో దోపుకుని
ఆమె వెనకే పరిగెత్తి
ఆ గుమ్మంలోనే నిలబడ్డాను గంటసేపు.
నా బూట్లు తడవలేదు.

మూడు నెలలకి, మినీబస్సులో, రేడియో
అంకె చెప్పింది: ఆరు పాయింటు రెండు.
డ్రైవరు సౌండు పెంచాడు,
అంకె కోసం కాదు, ఆ వెనక వచ్చే ఫుట్‌బాల్ కోసం.
ఆ పాయింటుకి ఎన్ని సున్నాల అవతల
నేను రాసిన ఎనభై ఉందో అనుకుంటూనే ఉన్నాను,
బౌలేని వంపు వచ్చింది.
కిటికీ అద్దం తుడిచి చూశాను.

కుప్పలు మూడే ఉన్నాయి.
లారీయే వచ్చిందో,
ఇంకెవరి గుమ్మమైనా మునిగిందో.